‘అప్‌టేక్’ని తెలుగులో ఏమందాం?

అమలాపురం సభ్యుడు: మెదడు గడ్డకి తీసిన పెట్ స్కాన్ రిపోర్టులో ‘ఎఫ్‌డీజీ అప్‌టేక్ పెరిగింది’ అని రాశారండి, అంటే సూదితో ఎక్కించిన గ్లూకోజులాంటి మందుని గడ్డ ఎక్కువ లోపలికి తీసుకుందని. ఇంట్లో పెద్దవాళ్ళకి ‘గడ్డ పంచదార తినేస్తోంది’ అంటే సరిపోతుందా?

కాకినాడ, న్యూక్లియర్ మెడిసిన్: ‘తినడం’ వద్దండి. ఎఫ్‌డీజీ గ్లూకోజులాగే కణంలోకి వెళ్తుంది, హెక్సోకైనేజ్ అనే ఎంజైము దానికి ఫాస్ఫేటు తగిలిస్తుంది. అసలు గ్లూకోజయితే అక్కణ్ణుంచి ఖర్చయిపోతుంది. ఇది ముందుకి పోలేక అక్కడే చిక్కుకుంటుంది. దానికున్న రేడియోధార్మిక ఫ్లోరిన్-18 అర్ధాయువు, అంటే సగానికి తగ్గే సమయం, 110 నిమిషాలు కాబట్టి బొమ్మ తీసే వ్యవధి దొరుకుతుంది.

భీమవరం, తెలుగు మాస్టారు: లోపలికెళ్ళి అక్కడే ఉండిపోతే ‘పట్టడం’ అంటాం కదా, మాగాయ ముక్కకి ఉప్పు పట్టినట్టు. ‘గడ్డకి గ్లూకోజు ఎక్కువ పట్టింది’ అనండి. ‘పట్టు’ అని నామవాచకం చేస్తే మాత్రం నుదుటికి పట్టు వేస్తారా అని అడుగుతారు! పంచదార మాటా వద్దు, స్కాన్‌కి ముందు టీ మానిపిస్తే చాలనుకుంటారు.

కాకినాడ: బాగుంది మాస్టారూ. కానీ దేనికంటే ఎక్కువ? మామూలు మెదడుకే, అందులోనూ పైపొరకి, గ్లూకోజు బాగా పడుతుంది, పట్టిన చోటు స్కాన్‌లో వెలుగుతుంది. నెమ్మదిగా పెరిగే గడ్డ ఆ వెలుగులో కలిసిపోవచ్చు. అందుకే అవతలి పక్క అదే చోటుతో పోలుస్తాం. ‘వెలిగింది కాబట్టి క్యాన్సర్’ అనకూడదు. మూర్ఛ వచ్చినా ఆ చోటు వెలుగుతుంది. స్కాన్‌కి ముందు కనీసం 4 గంటలు ఏమీ తినకూడదు. రక్తంలో గ్లూకోజు డెసిలీటరుకి 200 మిల్లీగ్రాములు దాటితే అది పోటీకొచ్చి ఎఫ్‌డీజీ సరిగా పట్టదు. సూది వేశాక మసక గదిలో మాటామంతీ లేకుండా పడుకోబెడతాం.

అమలాపురం: రేడియేషన్ అయ్యాక గడ్డ తిరగబెట్టిందా, చచ్చిన కణజాలమా అని సందేహమండి.

కాకినాడ: ఎమ్మారైలో రెండూ ఒకేలా మెరవొచ్చు. అక్కడ పెట్ స్కాన్‌కి ఎఫ్‌డీజీ బదులు ఎఫ్‌ఈటీ, మెథియొనైన్ లాంటి అమైనో ఆమ్లాలు మెరుగు. మామూలు మెదడుకి అవి తక్కువ పడతాయి, గడ్డ అంచు తేలుతుంది. మెథియొనైన్‌లో కార్బన్-11 ఉంటుంది, అర్ధాయువు 20 నిమిషాలే, దాన్ని తయారుచేసే యంత్రం సైక్లోట్రాన్ దగ్గర్లో లేకపోతే కుదరదు.

మాస్టారు: ఎమ్మారై స్పెక్ట్రోస్కోపీకీ ‘పట్టడం’ పనికొస్తుందా?

కాకినాడ: రాదండి. అక్కడ ఏదీ పట్టించం, కణజాలంలో ఉన్న రసాయనాల పాళ్ళు గ్రాఫు మీద చూస్తాం. గడ్డలో సాధారణంగా కణాల పైపొరకి సంబంధించిన కోలీన్ పెరిగి, నాడీకణాల్లో ఉండే ఎన్‌ఏఏ తగ్గుతుంది. కొలిచే చోటు పుర్రెకి ఆనుకుంటే కొవ్వు సంకేతం వచ్చి, గ్రాఫులో 1.3 పీపీఎం అనే చోట కనబడే లాక్టేటు మీద పడి చదవడం కష్టమవుతుంది. ఆ రిపోర్టుకి ‘పాళ్ళు మారాయి’ చాలు.