మిగులు భూములు పంచారు సరే, పేద రైతు ఇల్లు నిలబడిందా?

గుణుపురం రైతు:
మొన్న సంతలో ఒకాయన అన్నమాట మనసులోంచి పోవడం లేదు. "సీలింగు భూములు (చట్టం పెట్టిన పరిమితికి మించి ఉంటే సర్కారు తీసుకుని పేదలకిచ్చినవి) పంచి ఏం సాధించారు? పుచ్చుకున్నవాడు అలాగే ఉన్నాడు, ఇచ్చినవాడు చితికిపోయాడు" అన్నాడు. మన ఒడిశా సరిహద్దు ఊళ్లలో మీరేం చూశారో చెప్పండి. నేనైతే ఒప్పుకోను.

కాశీనగరం కుర్రాడు:
ఆయన చెప్పింది నిజమే అన్నా. మా వీధిలో ఒకరికి ఎకరం ఇచ్చారు. ముగ్గురు కొడుకులు పంచుకుంటే తలా 33 డెసిమిల్ (సెంట్లు). ఇద్దరు సూరత్ వెళ్లిపోయారు. ముక్కలైన భూమిలో సంపద ఎక్కడుంది?

గుణుపురం రైతు:
ముక్కలవడం నిజం తమ్ముడూ. కానీ పంచింది ఏ భూమో చూడు. మన చట్టంలో ఐదుగురున్న కుటుంబానికి పరిమితి 10 స్టాండర్డ్ ఎకరాలు, అంటే నేల రకాన్ని బట్టి కట్టే ఎకరాలు. రెండు పంటల నీటి భూమి అయితే ఎకరానికి ఎకరమే లెక్క. వర్షం మీద వరి పండేదైతే మూడెకరాలకు ఒకటి, గరువైతే (వరి పండని మెట్ట) నాలుగున్నరకు ఒకటి. అంటే గరువు 45 ఎకరాల దాకా ఉంచుకోవచ్చు. ఏది ఉంచుకుంటాడో చెప్పుకునే వీలు ఆసామికే ఉంది. వంశధార పక్క పల్లం ఎవరు వదులుకుంటారు? మనకు మిగిలేది మెట్టే.

మా నాన్నకు కొండవాలులో ఎకరం పది సెంట్లు వచ్చింది. మొదటి రెండేళ్లు అందరం రాళ్లే ఏరాం. ఆ రాళ్లతో కట్టిన గట్టు ఇప్పటికీ ఉంది, నా నడుమెత్తున. నాలుగో ఏడు చోళ్లు (రాగులు) చేతికొచ్చాయి. ఆ ఏడే నాన్న కంబారితనం (ఆసామి దగ్గర పాలేరు పని) మానేశాడు. తెల్లారకముందే ఆసామి పశువుల సాలకు పరుగెత్తడం ఆగింది. కూలి తక్కువిస్తే రానని చెప్పగలిగాడు. తర్వాత జీడిమొక్కలు వేశాం, ఆ గింజల డబ్బుతోనే చెల్లి పెళ్లి చేశాం. అదే పల్లంలో ఎకరం ఇచ్చి ఉంటే మేమెక్కడుండేవాళ్లమో!

పర్లాకిమిడి మేష్టారు (రిటైర్డ్):
పెద్ద లెక్కలు కూడా మీ మాటకు దగ్గరగానే ఉన్నాయి నాయనా. 1958 నుంచి 1992 దాకా 16 రాష్ట్రాల వివరాలు తీసి బెస్లీ, బర్జెస్ అనే ఆర్థికవేత్తలు 2000లో ఒక పరిశోధన వెలువరించారు. భూసంస్కరణలు గట్టిగా చేసిన చోట పల్లెల్లో పేదరికం తగ్గింది, కూలి రేట్లు పెరిగాయి. అయితే ఆ మేలు ఎక్కువగా కౌలు హక్కుల వల్ల, జమీందార్ల లాంటి మధ్యవర్తులను తీసేయడం వల్ల వచ్చింది. సీలింగు వల్ల వచ్చినట్టు కనిపించలేదు. కారణం మీరు పైన చెప్పారు కదా, ఆ స్టాండర్డ్ ఎకరాల లెక్కలోనే కొంత ఉంది.

పశ్చిమ బెంగాల్‌లో 1978లో ఆపరేషన్ బర్గా మొదలుపెట్టి పాలుకు (పంటలో వాటాకు) చేసేవాళ్ల పేర్లు రికార్డుల్లోకి ఎక్కించారు. మన దగ్గర కౌలుకివ్వడమే చాలావరకు చట్టవిరుద్ధం. దాంతో కౌలు ఆగిందా? ఆగలేదు, నోటిమాట మీదే నడుస్తోంది. నాకు బాధంతా ఇక్కడే.

కాశీనగరం కుర్రాడు:
మేష్టారూ, అది మా ఇంటి కథే. నాన్న సగపాలుకు చేస్తారు. ధాన్యం మండీకి (సర్కారు కొనే చోటికి) వేస్తే డబ్బు భూమిగలాయన ఖాతాలో పడుతుంది. 2024లో క్వింటాలుకు 3,100 చేశారు కదా, మద్దతు ధర 2,300 మీద రాష్ట్రం 800 కలిపి. ఆ 800లో మాకు సగం కూడా ముట్టలేదు. అడిగితే వచ్చే ఏడు పొలం ఉండదేమోనని నాన్నకు టెన్షన్. పీఎం కిసాన్ 6,000 కూడా భూమి పేరున ఉన్నవాళ్లకే. అన్నా, 33 డెసిమిల్ అయినా పేరు మీద ఉండడం వేరు. ఒప్పుకుంటున్నాను.

గుణుపురం రైతు:
మాకూ ఒక తప్పుంది తమ్ముడూ. నాన్న పోయి ఇన్నేళ్లయినా పట్టా ఆయన పేరునే ఉంది. ఈ నెల్లో మ్యుటేషన్‌కు (రికార్డులో పేరు మార్పుకు) పెడుతున్నాం, చెల్లి పేరుతో సహా. తోట మాత్రం ముక్కలు చేయం.

మండీలో పాలుదారుడి పేరు ఎక్కాలంటే భూమిగలాయన ఒప్పుకుని సంతకం పెట్టాలి. ఆదివారం అటు వస్తున్నాను. మీ నాన్నను ఒక్కణ్నే పంపకు, ఇద్దరం వెళ్లి ఆ భూమిగలాయన్ని అడుగుదాం.