అప్‌డేట్: 44.7 డిగ్రీల పీక్ పోయింది

జిఫ్-8లో (జింక్ ఉన్న రంధ్రాల స్ఫటికం) ఐరన్ కలిపి కాల్చిన సింగిల్ ఆటమ్ క్యాటలిస్ట్‌కి (లోహపు పరమాణువులు విడివిడిగా ఉండాల్సిన ఉత్ప్రేరకం) ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్‌రేలతో స్ఫటికాల్ని గుర్తించే పరీక్ష) 44.7 డిగ్రీల కోణం దగ్గర ఐరన్ లోహపు పీక్ ఎందుకొస్తోందని పోయిన నెల అడిగాను కదా. ఐరన్ ఎక్కువైందన్న మీ మాటే నిజం. సీసా పక్కన అయస్కాంతం పెడితే నల్లపొడి సర్రున గోడకి అతుక్కుంది. అంటే పరమాణువులు విడివిడిగా లేవు, ముద్దకట్టి లోహపు రేణువులయ్యాయి. వాటి చుట్టూ కార్బన్ పొర కట్టుకుంటుంది కాబట్టే యాసిడ్‌లో ఎంత కడిగినా కరగలేదు!

ఈసారి ఐరన్ ఉప్పు ఐదోవంతుకి తగ్గించి, ఆర్గాన్‌లో 950 డిగ్రీల దగ్గర కాల్చాను. జింక్ 907కే మరుగుతుంది, ఆవిరై పోతూ సన్నటి రంధ్రాలు మిగిల్చింది. పీక్ లేదు, అయస్కాంతానికి కదలదు. 0.1 మోలార్ కేఓహెచ్ క్షారంలో ఆక్సిజన్ రిడక్షన్ హాఫ్‌వేవ్ (ఎంత ఎక్కువుంటే క్యాటలిస్ట్ అంత మెరుగు) 0.79 నుంచి 0.86 వోల్టులకి పెరిగింది. చాలా సంతోషమేసింది.

యాసిడ్‌లో మాత్రం దాని పనితీరు ఇంకా త్వరగానే పడిపోతోంది. రియాక్షన్‌లో పక్కన పుట్టే పెరాక్సైడ్, ఐరన్ కలిసి పుట్టించే రాడికల్స్ (బాగా చురుకైన అణు ముక్కలు) కార్బన్‌ని తినేస్తున్నాయని నా అనుమానం. పీక్ లేనంత మాత్రాన అన్నీ ఒంటరి పరమాణువులే అనలేం, చిన్న గుంపులు ఎక్స్‌ఆర్‌డీకి చిక్కవు. అందుకే ఇండోర్ ఇండస్-2 సింక్రోట్రాన్‌లో (బలమైన ఎక్స్‌రేలిచ్చే యంత్రం) ఎక్సాఫ్స్‌కి (ఒక్కో పరమాణువు పక్కన ఏమున్నాయో చూపే పరీక్ష) దరఖాస్తు పెట్టాను. డేటా రాగానే ఇక్కడే పెడతాను.