డిశ్చార్జ్ టైము గ్రాఫ్ దిగడం లేదు, రేపే మీటింగ్. ఎవరైనా చెప్పండి ప్లీజ్

ప్రసూతి వార్డు నర్సు:
డ్యూటీ దిగినప్పటి నుంచి కంప్యూటర్ ముందే ఉన్నాను, ఇంకా అన్నం కూడా తినలేదు. మాది కోనసీమలో ఒక ఏరియా ఆసుపత్రి. డిశ్చార్జ్ ఆలస్యం తగ్గించాలని క్వాలిటీ కింద మా వార్డులో ఒక మార్పు పెట్టాం. కేసు షీటు ముందు రోజు రాత్రే రాసి ఉంచుతున్నాం. పని తేలికయిందని అందరూ అంటున్నారు. ఎక్సెల్లో వేస్తే మాత్రం గీత ఓసారి దిగుతోంది, మళ్ళీ లేస్తోంది. ఏ రకం గ్రాఫ్ పెట్టినా అంతే. గీత సరిగ్గా కనబడటానికి సెట్టింగ్ ఏమైనా ఉందా? రేపు సూపరింటెండెంట్ గారికి చూపించాలి, టెన్షన్‌గా ఉంది.

ల్యాబ్ మూల:
ఎన్ని పాయింట్లు? ఒక్కో పాయింట్ దేనిది?

రిటైర్డ్ ఏవో:
అమ్మా, గ్రాఫ్ సంగతి తర్వాత. ముందు మీరు చేస్తున్నది క్వాలిటీ అష్యూరెన్సా (ప్రమాణాలకు సరిపోతోందా అని చూడటం), ఇంప్రూవ్‌మెంటా (పని తీరు మెరుగుపరచడం)? ఈ రెండూ కలిపేసి అందరూ బోల్తా పడుతున్నారు. ఎన్‌క్యూఏఎస్, అంటే ప్రభుత్వాసుపత్రుల జాతీయ నాణ్యతా ప్రమాణాలు, 2013లో వచ్చింది. అందులో 8 విభాగాలు, ప్రతి ప్రమాణానికీ చెక్‌పాయింట్లు, మార్కులు. పరిశుభ్రతకు 2015లో కాయకల్ప్ వచ్చింది. కాన్పు గదికి, ప్రసూతి ఆపరేషన్ థియేటర్‌కి 2017లో లక్ష్య వచ్చింది. చెక్‌లిస్టు శ్రద్ధగా నింపితే గ్రాఫులు వాటంతట అవే బాగుపడతాయి. పీడీసీఏ (ప్లాన్, డూ, చెక్, యాక్ట్) చక్రం గోడకి అంటించారా? మా రోజుల్లో ప్రతి వార్డులోనూ ఉండేది.

తణుకు ఫార్మసీ:
పీడీఎస్ఏ అండి, పీడీసీఏ కాదు. మూడోది స్టడీ. ఈ క్వాలిటీ పద్ధతులు నేర్పిన అమెరికా నిపుణుడు డెమింగ్ గారు చెక్ అనొద్దనే చెప్పారు.

రిటైర్డ్ ఏవో:
జపాన్ వాళ్ళంతా పీడీసీఏ అనే వాడారు బాబూ. వాళ్ళ కార్లు నడవడం లేదా?

తణుకు ఫార్మసీ:
నడుస్తాయండి. తనిఖీ చేసి టిక్కు పెట్టడం వేరు, అనుకున్నదీ జరిగిందీ పక్కపక్కన పెట్టి ఆలోచించడం వేరు. మన ఆసుపత్రుల్లో టిక్కులకేం కొదవ లేదు.

ప్రసూతి వార్డు నర్సు:
నేనడిగింది గ్రాఫ్ గురించండీ. నెలకి ఒక పాయింట్, ఆ నెల సగటు. ఐదు నెలలవి ఉన్నాయి.

ల్యాబ్ మూల:
ఐదింటితో ఏమీ తేలదు. నెల సగటు వద్దు. రిజిస్టర్ తీసి రోజుకో మీడియన్ (టైములన్నీ వరసగా పేరిస్తే సరిగ్గా మధ్యలో వచ్చేది) వేయండి. మార్పు పెట్టకముందు రోజుల మీడియన్ దగ్గర అడ్డగీత గీసి కదపకండి. తర్వాత వరసగా ఆరు పాయింట్లు గీతకి ఒకే వైపు పడితే మార్పు వచ్చినట్టు. గీత మీదే పడినవి లెక్కలోకి రావు. వరసగా ఐదు దిగుతూ పోతే ధోరణి. మిగతాదంతా మామూలు ఊగులాట.

ప్రసూతి వార్డు నర్సు:
సగటుకీ మీడియన్‌కీ అంత తేడా ఉంటుందా అండి?

ల్యాబ్ మూల:
ఒక్క బాలింత రాత్రి దాకా ఉండిపోతే సగటు లేచిపోతుంది. మీడియన్ కదలదు.

రేవు పక్క స్టాఫ్ నర్సు:
అక్కా, టైము ఎక్కడి నుంచి ఎక్కడి దాకా లెక్కిస్తున్నారు?

ప్రసూతి వార్డు నర్సు:
డిశ్చార్జ్ టైమే కదమ్మా, ఇంకేముంటుంది. రౌండ్స్‌లో డాక్టరు గారు రాసినప్పటి నుంచి. అంటే మార్నింగ్ షిఫ్టు వాళ్ళు అలా రాస్తారు. రెండో షిఫ్టులో ఒకావిడ కేసు షీటు కట్టేశాక మొదలుపెడతారు. చివరి టైము, కాగితం చేతికిచ్చినప్పటిది. కొందరు మంచం ఖాళీ అయినప్పటిది వేస్తారు.

తణుకు ఫార్మసీ:
ఇంకేం అండి! ఈ ముక్క మొదటే చెప్పాల్సింది. రెండు కొలబద్దలు కలిపి గీసిన గీత ఊగకుండా ఎలా ఉంటుంది?

రేవు పక్క స్టాఫ్ నర్సు:
మంచం ఖాళీ అయ్యే దాకా అంటే ఇంకో చిక్కుంది అక్కా. మా దగ్గర కాగితం పదింటికే ఇచ్చేస్తాం. సఖినేటిపల్లి నుంచి వచ్చినవాళ్ళు పంటు కోసం ఆగుతారు, వరదప్పుడు పంటే ఉండదు. మంగళవారం బాలింతని కదపనివ్వరు. వర్జ్యం వెళ్ళాక బయల్దేరతామంటారు. వాళ్ళ అమ్మమ్మ గారు పంచాంగం పట్టుకుని మంచం మీద కూర్చుంటే మనం లేపగలమా?

రిటైర్డ్ ఏవో:
అలాంటి కేసులు లెక్కలోంచి తీసేయాలి. ఆసుపత్రి తప్పు కాదు కదా.

ల్యాబ్ మూల:
తీయకూడదు. నచ్చనివి తీసేస్తూ పోతే ఏ గీతైనా దిగుతుంది. ఉంచి, పక్కన కారణం రాయండి.

రిటైర్డ్ ఏవో:
అయితే వర్జ్యానికి కూడా నర్సుల్నే సంజాయిషీ అడుగుతారన్నమాట.

తణుకు ఫార్మసీ:
సంజాయిషీ ఎవరడిగారు సార్? కాగితం ఇచ్చే దాకా ఒక లెక్క, మంచం ఖాళీకి వేరే లెక్క పెట్టుకుంటే గొడవ లేదు. మొదటిది వార్డు చేతిలో ఉంది. రెండోది తెలిస్తే మంచాల సర్దుబాటుకి పనికొస్తుంది. మేడమ్, ఇంకో మాట. కేసు షీటు రాత్రే రాసేశాక కూడా కాగితం ఎందుకు ఆగుతోంది? అసలు దేని కోసం ఆగుతారు?

ప్రసూతి వార్డు నర్సు:
ఎక్కువగా పాప టీకా కోసం. బీసీజీ పదకొండు దాటాక తీస్తారు. అందరు పిల్లలూ కలవాలని.

తణుకు ఫార్మసీ:
ఆయ్, అక్కడుందండి పీట ముడి. బీసీజీ వయల్ (మందు సీసా) పది డోసులది, కలిపాక 4 గంటల్లో వాడకపోతే పారేయాలి. వృథా కాకూడదని ఆగుతారు, అందులో తప్పు లేదు. హెపటైటిస్ బి పుట్టిన 24 గంటల్లోపే వేయాలి కాబట్టి ఇంటికెళ్ళే రోజుతో దానికి సంబంధం లేదు. ఆపుతున్నది బీసీజీ ఒక్కటే. మీరేమో రాతపని తగ్గించారు. బాలింత ఆగుతున్నది టీకా దగ్గర. రేపు ఒక్క రోజు, మీ వార్డు వరకే, రౌండ్స్‌కి ముందే వయల్ తీయించి చూడండి. ఎన్ని డోసులు మిగిలాయో కూడా రాసుకోండి, స్టోర్ వాళ్ళు తప్పకుండా అడుగుతారు. బాగుంటే వారం చేయండి. ఇంతకంటే పెద్ద ప్రాజెక్టు అక్కర్లేదు.

రిటైర్డ్ ఏవో:
పై అధికారి అనుమతి లేకుండా టీకా టైము మార్చకూడదు. సర్క్యులర్ రాకపోతే రేపు మీ మీదికొస్తుంది. ఇలాగే ఒకసారి మందుల కౌంటర్ టైము మారిస్తే…

తణుకు ఫార్మసీ:
మళ్ళీ మొదలయింది.

ప్రసూతి వార్డు నర్సు:
రోజువారీవి రిజిస్టర్లోంచి ఎక్కిస్తున్నాను, రెండు నెలలవైనా అవుతాయేమో. మొదలు టైము ఒక్కటే రాయమని రెండో షిఫ్టు ఆవిడకి ఫోన్ చేయాలి, ఆవిడకి కోపం ఎక్కువ. బీసీజీ సంగతి మీటింగ్‌లో అడుగుతాను. థాంక్స్ అండి అందరికీ.

రేవు పక్క స్టాఫ్ నర్సు:
అక్కా, మీటింగ్‌లో ఏమన్నారో చెప్పండి, మా దగ్గర కూడా బీసీజీకి ఇదే తంతు.

కొత్త సభ్యుడు:
నమస్తే. కాయకల్ప్‌కి బయో మెడికల్ వ్యర్థాల పసుపు సంచులు ఎంత సైజువి కొనాలి? అర్జెంట్.