రాత్రి కోలిక్ కేసు వస్తే కత్తి ఎవరి చేతికి?

కుట్లపిచ్చి: పెద్ద జంతువుల సర్జరీ రెసిడెన్సీలో, అంటే స్పెషలిస్ట్ ట్రైనింగ్‌లో, మూడో ఏడు నడుస్తోంది. అర్ధరాత్రి గుర్రం కోలిక్‌తో, అంటే తీవ్రమైన కడుపునొప్పితో, వస్తుంది, పొట్ట కోయక తప్పదు. సీనియర్ పక్కన నిలబడి రెసిడెంట్‌తో చేయించాలా, తనే చేసుకుని మనల్ని పేగు పట్టుకోమనాలా? మా దగ్గర రెండోదే. పెద్దపేగు మెలికపడ్డ కేసుల్లో ఇప్పటిదాకా నా పని, బయటికి తీసిన పేగు బరువు మోయడం. రేపు ఎక్కడో ఒంటరిగా ఉద్యోగంలో చేరితే ఆ మెలిక విప్పేదెవరు?

పాతకాపు: బాబూ, గుర్రం బల్ల మీద ఎంత ఎక్కువసేపు ఉంటే అంత ప్రమాదం. అర టన్ను బరువు కిందివైపు కండరాల మీద పడి రక్తం సరిగ్గా ఆడదు, మెలకువ వచ్చి లేవబోతే కాళ్లు నిలవవు, పడి ఎముక విరిగిందా ఇక అంతే. కోలిక్ కాని గుర్రాల్లోనే ఆపరేషన్ అయిన వారంలోపు దాదాపు నూటికి ఒకటి పోతుందని 2002లో వచ్చిన పెద్ద సర్వే చెప్పింది. కోలిక్‌కైతే ఇంకా ఎక్కువ. నేను గంటన్నరలో ముగించేది నువ్వు మూడు గంటలు చేస్తావు.

ఆవులమ్మ: మూడు గంటలని ఎవరు చెప్పారు?

పాతకాపు: నా కళ్లతో చూశాను.

కుట్లపిచ్చి: మొత్తం నాకే వదిలేయమని అడగలేదు సార్. పెల్విక్ ఫ్లెక్షర్ (పెద్దపేగు వెనక్కి తిరిగే వంపు) దగ్గర కోసి పేగు ఖాళీ చేయడం, దాన్ని కుట్టడం ఇవ్వచ్చుగా? ఇంకో సంగతి. తమాషా ఏంటంటే పొట్ట మూసే పని మాత్రం మాకిచ్చి మీరు గ్లవ్స్ విప్పేసి వెళ్తారు. లీనియా ఆల్బా (పొట్ట మధ్యగీతలో ఉండే గట్టి పొర) కుట్టు సరిగ్గా పడకపోతే తర్వాత హెర్నియా వచ్చేది అక్కడే కదా. ఆ టైమ్ గుర్రానికి లెక్కలోకి రాదా?

పాతకాపు: మూయడానికి అరగంట. మూడు గంటలు కాదు.

లాగ్‌బుక్: అందరూ గంటల మీదే పడ్డారు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ వెటర్నరీ సర్జన్స్ కనీసం 3 ఏళ్ల రెసిడెన్సీ అంటుంది, ఎవరు ఏ కేసులో ఏం చేశారో లాగ్‌లో చూపించమంటుంది. నేను పనిచేసిన చోట చర్మం కోసినవాడే ప్రైమరీ సర్జన్. గీత గీసి పక్కకి జరిగేవాణ్ణి, లాగ్‌లో మాత్రం నా పేరే. దీని గురించి మాట్లాడండి ముందు.

పాతకాపు: అది మీ సీనియర్ నిజాయితీ సమస్య, నాది కాదు.

కుట్లపిచ్చి: మీ సమస్య ఏంటో నేను చెప్పనా? గుర్రం పోతుందని కాదు మీ భయం, గుర్రం ఓనర్ ఫోన్ చేస్తాడని.

పాతకాపు: నోరు అదుపులో పెట్టుకో. అవును, ఓనర్ డబ్బు కట్టేది నా చేతి పనికి. నేను చేస్తానని నమ్మి తెచ్చిన జంతువు మీద నీకు ప్రాక్టీస్ చేయించనా?

ఆవులమ్మ: ఆహా, ఇప్పుడు అసలు మాట బయటపడింది. అయితే ఆవుని తెచ్చినవాడు ఎవర్ని నమ్మి తెచ్చాడండీ? నా రెసిడెన్సీ మొదలైన నెలలోనే నాలుగో పొట్ట ఎడమకి జరిగిన ఆవుని నాకు అప్పగించేశారు. నిలబెట్టి, నడుము దగ్గర మత్తు సూదులు వేసి, కుడి డొక్క కోసి చేశాను. సగంలో అది కూలబడబోయింది, సీనియర్ అప్పుడు పక్క గదిలో గుర్రం కీలులోకి స్కోప్ దూర్చే పనిలో ఉన్నారు. ఎవరూ గడియారం చూడలేదు. సిజేరియన్లూ అంతే, రాత్రి వస్తే రెసిడెంటే. పిలిచినా వచ్చే దిక్కుండదు. గర్భసంచి కుట్టు సరిగ్గా పడక అతుకులు ఏర్పడితే ఆ ఆవు మళ్లీ చూడి కట్టకపోవచ్చు. మీరు చెప్పిన వారం లెక్కలో అది కనిపించదు, చావలేదుగా! ఖరీదు తక్కువ జంతువు మీద నేర్చుకోవచ్చు, ఎక్కువ దాని మీద కూడదు. ఇదేగా రూలు?

పాతకాపు: ఆవు శరీరం తట్టుకుంటుందమ్మా. లోపల ఇన్ఫెక్షన్ వచ్చినా చుట్టూ పొర కట్టి ఒక మూలకి నెట్టేస్తుంది, గుర్రం అలా చేయలేదు. ఇందులో ధర ప్రసక్తి లేదు.

ఆవులమ్మ: సరే, అదే గుర్రం ముసలిదై, ఓనర్ ఆశ వదిలేసుకుని మీరే చూసుకోండని వెళ్లిపోతే కత్తి ఎవరికిస్తారు?

లాగ్‌బుక్: మాకే ఇచ్చేవారు 😀

కళ్లెం: నేను డాక్టర్ని కాదు, గుర్రాలున్నవాణ్ణి. పోయినేడు నా గుర్రానికి కోలిక్ ఆపరేషన్ జరిగింది. ఎవరు చేశారో నాకెవరూ చెప్పలేదు. అడగచ్చని కూడా తెలీదు.

కుట్లపిచ్చి: అడగచ్చండీ, అడగాలి కూడా. సంతకం చేయించే ఫారంలోనే రాయాలంటాను, సీనియర్ ఎదురుగా ఉండగా ట్రైనింగ్‌లో ఉన్న సర్జన్ చేస్తారని.

పాతకాపు: రాయండి. సగం మంది గుర్రాన్ని మళ్లీ బండెక్కిస్తారు.

కళ్లెం: నేనైతే ఎక్కించను. సీనియర్ గదిలోనే ఉంటారా, ఆ ఒక్కటి చెప్తే చాలు.

ఆవులమ్మ: ఆ ఫారం ఆవుల వాళ్లకి కూడా ఇవ్వండి మరి.