'ధీర శయనీయ శరధీ': చివర దీర్ఘమా, హ్రస్వమా?

తిరుపతి: రెండు రోజులుగా ఒక పాదం నోట్లో తిరుగుతూనే ఉంది, మిగతాది రావడం లేదు. మా పాప బయోటెక్నాలజీ చదువుతోంది. మొన్న రాత్రి పరీక్ష టెన్షన్‌లో ఉండి, డీఎన్ఏలో పాలిండ్రోమ్ అంటే ఏమిటో నాకు చెప్తే తనకు గుర్తుంటుందని నన్ను కూర్చోబెట్టింది. అలాంటి చోట డీఎన్ఏ పోగు జంటమెలిక వదిలేసి తనమీదికే మడుచుకుంటుందట. వింటుంటే మా నాయన పాడే తిమ్మన కందం గుర్తొచ్చింది. అది పాదభ్రమకం, ఏ పాదాన్నైనా ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా ఒకటే. 'ధీర శయనీయ శరధీ', ఆ తర్వాత ఎక్కడో 'సారసవన నవసరసా'. మిగతా రెండు పాదాలు పోయాయి. పైగా మా నాయన 'శరధి' అని హ్రస్వంగానే ఆపేవారని నా చెవికి గుర్తు. ఏది సరి? డీఎన్ఏలో ఉన్నదాన్ని కూడా పాదభ్రమకం అనవచ్చా?

చిత్తూరు: అమ్మా, పారిజాతాపహరణంలోని పద్యం ఇది.

ధీర శయనీయ శరధీ
మార విభానుమత మమత మనుభావిరమా
సారసవన నవసరసా
దారదసమ తార తార తామస దరదా

హ్రస్వం కుదరదు. ఎత్తుగడ 'ధీ' అయినప్పుడు వెనక నుంచి వచ్చినా 'ధీ'నే ఎదురు కావాలి. గణాలు చూసినా భ, జ, స. 'శరధి' అంటే సగణం కాస్తా నగణమై ఒక మాత్ర తగ్గిపోతుంది.

శ్రీకాళహస్తి: మాస్టారూ, అంత తేలిగ్గా తీసేయకండి. పాదం చివరి లఘువును గురువుగా తీసుకునే వెసులుబాటు సంస్కృత ఛందస్సులో ఉంది. పద్యమంతా సంస్కృత పదాలే. ఆ లెక్కన సంబోధన 'శరధే' కావాలి, 'శరధీ' ఎక్కడిది?

చిత్తూరు: పదాలు సంస్కృతమైనా కందం మనది. కందంలో ఆ వెసులుబాటు నేనెక్కడా చూడలేదు. 'హరీ', 'కవీ' అని పిలిచినట్టే 'శరధీ'. తెలుగు సంబోధన.

పలమనేరు: ఎవరిని పిలిచినట్టు? సముద్రాన్నా, విష్ణువునా? శరధి పడకగా గలవాడు అంటే 'శరధిశయనీయ' అని కదా రావాలి. మాట తిరగబడింది. శరధి అంటే అమ్ములపొది కూడా, అది మరవకండి.

చిత్తూరు: 'శయనీయమైన శరధి గలవాడా' అని విడదీయండి, చక్కగా వస్తుంది. ఇక్కడ అమ్ములపొదికి చోటు లేదు.

పుత్తూరు: అక్కా, నేను తిరుపతిలోనే డీఎన్ఏ మీద పరిశోధన చేస్తున్నాను. మీ రెండో ప్రశ్నకు నా జవాబు: భ్రమకం అనే మాట అతకదు. పద్యాన్ని వెనక నుంచి చదివినా అదే అక్షరం వస్తుంది. డీఎన్ఏలో అలా రాదు. డీఎన్ఏ రాతకు ఎ, టి, జి, సి అని నాలుగే అక్షరాలు. జిఎఎటిటిసి అనే ఆరక్షరాలు తీసుకోండి. అదే పోగును తిప్పి చదివితే సిటిటిఎఎజి. ఎదుటి పోగును దాని దిశలో చదివితేనే మళ్లీ జిఎఎటిటిసి వస్తుంది. ఎ కి టి, జి కి సి జత. ఏ అక్షరమూ తనకు తానే జత కాదు కాబట్టి నడుమ ఒంటరి అక్షరానికి చోటుండదు, లెక్క ఎప్పుడూ సరిసంఖ్యే. తిమ్మన మొదటి పాదంలో తొమ్మిది అక్షరాలు, నడుమ 'నీ' ఒక్కటే.

చిత్తూరు: జత అన్నావు చూడమ్మా, ఆ మాట మన దగ్గర ఎప్పటినుంచో ఉంది. మైత్రి! యతిస్థానంలో అదే అక్షరం రానక్కర్లేదు, దాని మిత్రుడు వస్తే చాలు. అకారానికి య, హ లు చెల్లినట్టు ఎ కి టి చెల్లుతుంది. కాబట్టి ఇది మైత్రీభ్రమకం. పాఠ్యపుస్తకంలో ఈ మాట పెడితే పిల్లలు ఒక్కసారికే పట్టుకుంటారు.

పుత్తూరు: మైత్రీభ్రమకం! మాస్టారూ, నేను రాసుకున్నాను. ఇంకో సంగతి చూడండి. ఒక పోగు మడుచుకుని హెయిర్‌పిన్ కావాలంటే మలుపు దగ్గర ఉన్న అక్షరాలు జతకూడలేవు, అంత ఇరుకున వంగవు. కనీసం మూడు అక్షరాలు ఒట్టిగా మిగలాలి. మొదటి పాదాన్ని అలా మడిస్తే 'ధీరశ' ఒక కాడ, 'శరధీ' ఎదుటి కాడ, 'యనీయ' మలుపు. నడుమ ఒంటరిగా ఉన్న 'నీ' మలుపులో చక్కగా ఇమిడిపోయింది. ఇందాక నా మాట సగమే నిజం.

చిత్తూరు: ధీరశ, యనీయ, శరధీ. సరిగ్గా భ, జ, స! భగణాన్ని తిప్పితే సగణం, జగణాన్ని తిప్పితే జగణమే. గణాల దగ్గరే మడత పడింది. నలభై ఏళ్లు ఈ పద్యం చెప్పాను, ఇలా మడిచి ఎప్పుడూ చూడలేదు.

పలమనేరు: మా తాత నులక పేనేవాడు. రెండు పేటల నులకను రెండు చేతుల్లో పట్టుకుని మెలికకు ఎదురు తిప్పుతూ దగ్గరికి నెట్టితే, పేటలు విడి, ఒక్కో పేట తనమీద తాను చుట్టుకుని చెవిలా బయటికి పొడుచుకొస్తుంది. అటొకటి, ఇటొకటి. చిన్నప్పుడు అదే మా ఆట. మీరు చెప్పే మడత ఇదేనా అమ్మా?

పుత్తూరు: అదే అన్నా! మెలిక వదులైన చోట మైత్రీభ్రమకం ఉంటే రెండు పోగులూ ఎదురెదురుగా రెండు కొమ్మలు లేపుతాయి. చూడ్డానికి శిలువలా ఉంటుంది. మెలిక వదులు కాకపోతే అక్కడ మామూలు జంటమెలికే నిలుస్తుంది. నా క్లాసులో రేపు నులకే తీసుకెళ్తాను.

శ్రీకాళహస్తి: మీరంతా ఒక్క పాదం దగ్గరే ఆగిపోయారు. నాలుగు పాదాల్లో రెండో అక్షరం చూడండి. ధీర, మార, సార, దార. ప్రాస 'ర'. ప్రతి పాదమూ భ్రమకం కాబట్టి అదే 'ర' చివరి నుంచి రెండోదిగానూ వచ్చి తీరాలి. ఒక్క ప్రాస పెట్టుకుని కవి రెండు ప్రాసలు మోశాడు. సత్యభామ అలకను అంత సుతారంగా రాసిన 'ముక్కు తిమ్మనార్యు ముద్దుపలుకు' ఇంత కట్టడిలోనూ మెత్తగానే ఉంది. తిరుమల గుడిలో దేవేరులతో చేతులు జోడించి నిలబడ్డ రాయలవారి విగ్రహం ముందుకు వెళ్లినప్పుడల్లా నాకు ఆయన కొలువులో ఈ పద్యం చదివిన గొంతే గుర్తొస్తుంది.

పుత్తూరు: అయ్యా, మీరు చెప్పిన ప్రాస లాంటిదే నా పరిశోధన. దానికి భ్రమకంతో పని లేదు. ఒకే పోగులో జిజిజి లాంటి గుంపులు నాలుగు చోట్ల ఉంటే, ఆ పోగు నాలుగు కాళ్లుగా మడుచుకుంటుంది. కాలికొక జి చొప్పున నాలుగు జి లు చతురస్రంగా కూర్చుంటాయి. అలాంటి చతురస్రాలు ఒకదానిమీద ఒకటి పేరుకుంటాయి, నడుమ పొటాషియం నిలిచి పట్టు ఇస్తుంది. నాలుగు జి ల ఈ కూర్పును 1962లో గెల్లర్ట్, లిప్సెట్, డేవిస్ చెప్పారు. మన క్రోమోజోముల కొసల్లో టిటిఎజిజిజి అన్న ముక్క వేల సార్లు తిరిగి తిరిగి వస్తుంది, అక్కడ ఇది కట్టుకుంటుంది. మనిషి కణాల్లోనే దీన్ని 2013లో చూపించిన బృందం చెన్నైలో పుట్టిన శంకర్ బాలసుబ్రమణియన్‌ది.

శ్రీకాళహస్తి: అయితే నాలుగు పాదాల నాలుగు 'ర'లూ ఒక చతురస్రం. వెనక ఉన్న నాలుగూ ఇంకో చతురస్రం. నా మాట నిలబడింది.

చిత్తూరు: నిలబడలేదు. ఆమె చెప్పింది మూడు జి ల గుంపులు. మీకు రెండు పొరలే వచ్చాయి.

పుత్తూరు: రెండు పొరలతో నిలిచేవీ ఉన్నాయి మాస్టారూ. రక్తం గడ్డకట్టించే త్రాంబిన్‌ను పట్టుకునే పదిహేను అక్షరాల ముక్క ఒకటి అలాంటిదే. కాకపోతే అందులో జి లు జంటజంటగా పక్కపక్కనే ఉంటాయి. పద్యంలోని 'ర'లు పాదానికి ఆ కొసా ఈ కొసా ఉన్నాయి.

తిరుపతి: పద్యం దొరికింది, అందరికీ దండాలు. పాపకు నులక కథ చెప్పాను, రెండు ఊలు దారాలు పేని చూసుకుంది, చెవి లేచింది. మైత్రీభ్రమకం అని నోట్సులో పెద్దక్షరాలతో రాసుకుంది. కానీ మాస్టారూ, పొద్దున మా అమ్మతో పాడించాను. ఆమె కూడా 'శరధి మార' అని ఆపకుండా రెండో పాదంలోకి వెళ్లిపోతోంది. ఇద్దరూ తప్పు పాడారంటే మనసు ఒప్పుకోవడం లేదు.

చిత్తూరు: ఆపకుండా పాడితే దీర్ఘం నలిగి మీ చెవికి పొట్టిగా వినిపించి ఉంటుంది. అమ్మగారిని మొదటి పాదం దగ్గర ఊపిరి తీసుకుని పాడమనండి.

శ్రీకాళహస్తి: ఆవిడ ఎలా పాడితే అదే పాఠాంతరం. పెద్దల నోట నిలిచినదాన్ని గణాల కోసం దిద్దకండి.

పలమనేరు: అది అలా ఉంచండి. 'మారవిభానుమత' దగ్గర ఎక్కడ విడదీస్తారు? మార, విభా, అనుమత అని నేను అనుకుంటున్నాను. మాస్టారూ, మీరేమంటారు?