చతుశ్శ్రుతి రిషభంలో ఆ ‘నాలుగు’ దేని లెక్క?

పాలకొల్లు కీబోర్డు:
అండీ, ఒక చిక్కు తేల్చి పెట్టాలి. కంప్యూటర్లో కీబోర్డుని స్థాయికి (షడ్జం నుంచి పై షడ్జం దాకా) 22 సమభాగాలు వచ్చేలా అమర్చుకున్నాను. స్థాయి మొత్తం 1200 సెంట్లు గనక ఒక్కో భాగం 54.5 సెంట్లు. (కొబ్బరితోటల సెంటు కాదండోయ్. పియానోలో పక్కపక్క మెట్ల మధ్య దూరాన్ని వంద చేస్తే వచ్చేది. 19వ శతాబ్దంలో ఎల్లిస్ అనే ఇంగ్లీషాయన పెట్టిన కొలత. ఎకరానికి వంద, అర్ధస్వరానికి వంద, అంతవరకే పోలిక.) మన శ్రుతులు ఇరవై రెండు, రిషభం పేరేమో చతుశ్శ్రుతి. సరే కదా అని షడ్జం నుంచి నాలుగు మెట్లెక్కి నొక్కితే 218 సెంట్లు పలికింది. తంబూరాతో కలిసే రిషభం 204 దగ్గర ఉంటుంది. పద్నాలుగు సెంట్లు ఎక్కువ, చెవికి తెలిసిపోతోంది. పేరులో నాలుగుకి అర్థమేంటి మరి? ఇంకోటి, ఈ ఇరవై రెండింటినీ సరిగమల్లో రాయడం ఎలాగండి? రి1, రి2 (ఈ చతుశ్శ్రుతే), రి3 దాటితే నాకు దారి కనపడటం లేదు.

మండపేట హార్మోనియం:
ముందు ఏ శ్రుతో చెప్పండి బాబూ. మా పద్యనాటకాల్లో ‘కృష్ణుడిది నాలుగున్నర శ్రుతి’ అంటాం. అంటే నాలుగో తెల్లమెట్టు దాటాక వచ్చే నల్లమెట్టు. అక్కడ శ్రుతి అంటే నటుడి షడ్జం ఎక్కడుందన్నదే, దూరం కాదు. ‘శ్రుతి వెయ్యరా’ అంటే శ్రుతిపెట్టె. మీరు మూడోదాని గురించి, స్వరాల మధ్య దూరం గురించి, అడుగుతున్నారు. కొత్తగా నేర్చుకునే కుర్రాడు చతుశ్శ్రుతి అని విని నాలుగో మెట్టు నొక్కాడంటే వాణ్ణేం అంటాం?

కాకినాడ వీణ టీచరు:
నాయనా, భరతుడి నాట్యశాస్త్రంలో షడ్జగ్రామం అనే స్వరవరసకి శ్రుతుల లెక్క ఇదీ: స, మ, ప లకు నాలుగేసి, రి, ధ లకు మూడేసి, గ, ని లకు రెండేసి. కూడితే ఇరవై రెండు. అంటే భరతుడి రిషభం మూడు శ్రుతులది, ఆ మీద గాంధారం మూడూ రెండూ ఐదో శ్రుతి మీద. ఆ గాంధారం చోట రిషభం పలికితే దాన్ని ‘పంచశ్రుతి రిషభం’ అన్నారు. 1550 నాటి స్వరమేళకళానిధి అనే సంగీత గ్రంథంలో రామామాత్యుడి మాట అదే, ఆ తరవాతి శతాబ్దంలో శాస్త్రకారుడు వేంకటమఖీ అదే వాడాడు. ఇవాళ నా వీణ మీద ఆ మెట్టునే మనం చతుశ్శ్రుతి అంటున్నాం. మెట్టొకటే, పేరులో అంకె ఒకప్పుడు ఐదు, ఇప్పుడు నాలుగు. శ్రుతి అనేది సరిసమానంగా కోసిన ముక్కే అయితే ఈ తేడా రాకూడదు కదా. నీ కీబోర్డు మీద అయిదు మెట్లు ఎక్కి చూడు, 273 సెంట్లు. ఆ రిషభాన్ని ఎవరూ పాడరు.

పాలకొల్లు కీబోర్డు:
ఆయ్, అయితే ఈ 22 సమభాగాలకీ భరతుడికీ ఏ చుట్టరికమూ లేదంటారా మేడమ్?

అమలాపురం లెక్కల మాస్టారు:
లేకేం. సంవాదులు అంటే ఒకదానికొకటి తొమ్మిదో పదమూడో శ్రుతుల దూరంలో ఉండే స్వరాలని భరతుడు చెప్పాడు. మీ కీబోర్డు మీద తొమ్మిది మెట్లు ఎక్కితే మధ్యమం, పదమూడు ఎక్కితే పంచమం. అంకె అతికినట్టు సరిపోయింది. కానీ పదమూడు మెట్లంటే 709 సెంట్లు, శుద్ధ పంచమం 702. ఏడు సెంట్లు ఎక్కువ. పంచమం మీద ఇంకో పంచమం ఎక్కి ఒక స్థాయి దిగితే వచ్చేదే రిషభం గనక ఆ ఏడు రెండింతలైంది. మీ పద్నాలుగు అక్కణ్ణుంచి వచ్చింది. అంతర గాంధారం (గ3) మాత్రం ఏడు మెట్ల మీద 382, చెవి కోరేది 386. అది బాగానే కుదిరింది.

పంచమం మచ్చ లేకుండా కావాలంటే 53 భాగాలకు వెళ్లండి. 31 మెట్ల పంచమం 701.9. తేడా సెంటులో పదో వంతు కూడా లేదు. తొమ్మిది మెట్ల మీద మీ రిషభం 203.8. ఒక్కో మెట్టు 22.6, మన ప్రమాణశ్రుతి (భరతుడు కొలతగా తీసుకున్న చిన్న దూరం) 21.5కి దగ్గర. తుర్కీ వాళ్లు పూర్తిస్వరాన్ని తొమ్మిది కోమాలు (చిన్న ముక్కలు) అనడం ఈ దారిలోదే. వేళ్లకు మాత్రం 53 కష్టం.

ఇక రాత. పాశ్చాత్యులు స్వరాలకి పేర్లుగా పెట్టిన అక్షరాలను పంచమాల వరస మీద కట్టుకున్నారు. ఆ పద్ధతిలో 22కి వస్తే వాళ్ల ‘ఇ’ (E, మన గ3కి సాటి) ఎనిమిది మెట్ల మీద, 436 సెంట్ల దగ్గర పడుతుంది. అది మధ్యమం గుమ్మంలో నిలబడ్డ గాంధారం! అందుకని అక్షరానికి ముందు కిందికి చూసే గుర్తు పెట్టి ఒక మెట్టు దించి రాస్తారు. మన రి1, గ3 అలా కట్టినవి కావు, స్థానానికి పెట్టిన పేర్లు. గ3ని నేరుగా ఏడు మీద కూచోబెట్టొచ్చు.

పాలకొల్లు కీబోర్డు:
మాస్టారూ, గుర్తులెందుకు, గుణింతం ఉండగా? ర-రి-రు, గ-గి-గు అని మేళకర్త రాగాల పట్టికలో ఎలాగూ ఉంది. ర, రా, రి, రీ అని పెంచుకుంటూ పోతే తెలుగుకి తెలుగూ, లెక్కకి లెక్కా.

కాకినాడ వీణ టీచరు:
ముచ్చటగానే ఉంది గానీ నడవదు నాయనా. ‘రీ’ అంటే మనకి రెండక్షర కాలం రిషభం. దీర్ఘం తాళానికి పోయింది. కామా, సెమికోలనూ దానికే. చుక్క పైన పెడితే తారస్థాయి, కింద పెడితే మంద్రం. గీత కాలానికి. ఏటవాలు గీత పెడదామన్నా, 1904లో సుబ్బరామ దీక్షితులు తెలుగు లిపిలో అచ్చువేయించిన సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో అది జారుకి (ఒక స్వరం నుంచి ఇంకోదానికి జారడానికి) వాడేశారు. స్వరాక్షరం చుట్టూ ఖాళీ ఎక్కడుంది చెప్పు?

అమలాపురం లెక్కల మాస్టారు:
ముందుంది. ఒక మెట్టు ఎక్కితే ^, దిగితే ˅, అక్షరానికి ముందు. నెత్తిన మాత్రం వద్దు. ‘స’ మీద ˅ పెడితే రెండో తలకట్టనుకుంటారు. పూర్వాంగం (స నుంచి మ దాకా) ఇలా:

స, ˅రి1, రి1, ^రి1, రి2, ^రి2, గ2, గ3, ^గ3, మ1

సున్నా నుంచి తొమ్మిది. ఒక్క మెట్టుకీ రెండు పేర్లు లేవు. ‘శ్రుతి’ అనే మాటని వీటికి వాడకండి, మెట్టు అనండి.

మండపేట హార్మోనియం:
మెట్టంటే మాకు నొక్కేది, మేడమ్ గారికి వీణ మీద మైనంలో నాటింది. రెండూ స్థాయికి పన్నెండే. ఇప్పుడు దూరానికీ అదే పేరా? అయినా ‘శ్రుతి’ కంటే నయమే లెండి.

కాకినాడ వీణ టీచరు:
రాసుకోండి, కాదనను. తోడి రాగంలో గాంధారం ముందు మాత్రం ఏ గుర్తూ పెట్టకండి. అది ఒకచోట నిలబడి పలికే స్వరం కాదు, రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊగుతుంది. అక్కడ దీక్షితుల వారి కంపితం (ఊపు) గుర్తే పనికొస్తుంది.

పాలకొల్లు కీబోర్డు:
అలాగేనండి. ఉత్తరాంగంలో (ప నుంచి పైన) ఒకచోట ఆగిపోయాను. ధ2 (చతుశ్శ్రుతి ధైవతం) ఎక్కడ పెట్టను? పదహారు మెట్లయితే 873, పదిహేడైతే 927. మనం పాడేది ఈ రెంటికీ మధ్యన ఉంది.

కాకినాడ వీణ టీచరు:
పదిహేడు మీద పెట్టు. పంచమం నుంచి నాలుగూ అవుతుంది, రిషభం నుంచి పదమూడూ అవుతుంది. మోహన రాగం వాయించేటప్పుడు చెవికి గుచ్చుకుంటే ˅ధ2 రాసుకో.