కమెడియన్ల ఆస్తి లెక్కలు నిజమేనా? పాతవాళ్లకి డబ్బు ఎందుకు నిలవలేదు?

అడిగినవారు: పల్నాటి కుర్రోడు

నమస్తే అండి. నిన్న ఆఫీసులో భోజనాల దగ్గర చిన్న గొడవ. బ్రహ్మానందం గారి ఆస్తి ఇన్ని వందల కోట్లు అని ఒకడు ఫోన్‌లో చూపించాడు. ఇంకొకడు వేరే వీడియో తీశాడు. రెండు అంకెలకీ పొంతనే లేదు. అసలు ఈ లెక్కలు ఎవరు కడతారు? మా తాతేమో పాతకాలం కమెడియన్లందరూ చివరికి చితికిపోయారంటాడు. అందరిదీ నవ్వించే పనే కదా, కొందరికి డబ్బు నిలిచి కొందరికి ఎందుకు నిలవదు? సినిమా ఆఫీసుల్లో పనిచేసినవాళ్లు ఉంటే చెప్పండి. వీడియో లింకులు మాత్రం వద్దు.

జవాబు: లెక్కల మాస్టారు

ఆ అంకెలు నమ్మకండి. నటుల ఆస్తి గురించి కాస్త పట్టుకోదగ్గ కాగితం ఎలక్షన్ అఫిడవిట్ ఒక్కటే, అంటే పోటీ చేసేవాళ్లు తమ ఆస్తులు చెబుతూ ఇచ్చే ప్రమాణపత్రం. అది తప్పనిసరి అయింది 2003 నుంచి. బాబూమోహన్ గారు 1999లో ఆందోల్‌లో గెలిచినప్పుడు ఈ పద్ధతి లేదు, 2014లో గెలిచేసరికి ఉంది. పోటీ చెయ్యనివాళ్ల సంగతి వాళ్లకీ, వాళ్ల ఆడిటర్‌కీ తెలియాలి.

జవాబు: గూడెం బాబాయ్

బాబూ, నేను 1988 నుంచి ఇరవై ఏళ్లు ప్రొడక్షన్ క్యాషియర్‌గా చేశాను. ముందు మద్రాసు, తర్వాత హైదరాబాదు. ఇప్పుడు తాడేపల్లిగూడెంలో ఇంటిపట్టున ఉంటున్నాను. నాకు తెలిసింది చెబుతా.

హీరోతో సినిమాకి ఇంత అని మాట. కమెడియన్‌కి నేను ఎక్కువగా ఇచ్చింది రోజు లెక్కన. పొద్దున ఒక సెట్టు, సాయంత్రం ఇంకో సెట్టు, ఏడాదికి ఎన్ని సినిమాలు చేశారో ఆయనకే గుర్తుండదు. నేను కవరు పట్టుకెళ్లి, వోచరు మీద రెవెన్యూ స్టాంపు అంటించి సంతకం తీసుకునేవాణ్ణి. ఆయన మేకప్‌మేన్‌కీ, అసిస్టెంట్‌కీ బేటా, అంటే రోజు ఖర్చుల డబ్బు, వేరు. అడ్వాన్స్ మురిపెంగా ఇస్తారు, మిగతాది నానుతుంది. అందుకే తెలివైనవాళ్లు డబ్బింగ్ దగ్గర పట్టుకునేవారు. బాకీ తీరిస్తేనే గొంతు. డబ్బింగ్ అయిపోయిందా, ఇక ఆర్టిస్టు చేతిలో ఏమీ ఉండదు, ఫోన్ చేస్తే నిర్మాత ఎప్పుడూ స్నానంలోనే ఉంటాడు.

పేరు చెప్పను గానీ ఒక పెద్దాయన చెల్లని చెక్కులు నాలుగు రబ్బరు బ్యాండు వేసి బీరువాలో పెట్టుకున్నారు. అందులో ఒకటి నా చేతుల మీదుగా ఇచ్చిందే. "ఇదీ నా ఆస్తేనోయ్, రాసుకో" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ నాకు తలెత్తబుద్ధి కాలేదు. మీ వీడియోవాళ్లు చేసేది అదే: ఒక రోజు రేటు ఎక్కడో విని, సినిమాల సంఖ్యతో గుణించి ఆస్తి అనేస్తారు. రాని డబ్బూ అందులోనే, కట్టిన పన్నూ అందులోనే.

నిలవడం సంగతికొస్తే, మా ఊరి రేలంగి గారినే చూడండి. పుట్టి పెరిగింది కాకినాడ వైపే గానీ మాకు మా ఊరాయనే. తండ్రి హరికథలవారు. కాకినాడలో నాటకాలు, ఆడవేషాలు కూడా కట్టారు. 1935లో సి.పుల్లయ్య గారి 'శ్రీకృష్ణ తులాభారం'తో తెరకెక్కారు. తర్వాత ఏం జరిగిందనుకున్నారు? ఏమీ జరగలేదు. చిన్న వేషాలు, పుల్లయ్య గారి దగ్గర తెర వెనక పనులు. జనం గుర్తుపట్టింది 1949లో 'గుణసుందరి కథ'తో. అంటే పద్నాలుగేళ్లు! అన్నేళ్లు ఖాళీ జేబు చూసినవాడికి రూపాయి ఎక్కడ పెట్టాలో తెలుస్తుందని నా లెక్క. 'పాతాళ భైరవి', 'మిస్సమ్మ', 'మాయాబజార్'... ఇక వెనక్కి చూడలేదు. ఆ డబ్బుతో గూడెంలో సినిమా హాలు కట్టారు, రేలంగి చిత్రమందిర్. నేను అందులో నేల టిక్కెట్టు వాణ్ణే. వేషాలు తగ్గినా హాల్లో ఆట ఆగదు కదండీ. 1970లో పద్మశ్రీ వచ్చింది. 1975 నవంబరులో పోయారు, ఇక్కడే.

పద్మనాభం గారిది వేరే దారి. సింహాద్రిపురం నుంచి మద్రాసు వచ్చి, నటి కన్నాంబ గారింట్లో ఆశ్రయం దొరికి పైకొచ్చిన మనిషి. సొంతంగా 'దేవత' తీస్తే 1965లో బాగా ఆడింది. 1967లో 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న'తో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారిని గాయకుడిగా పరిచయం చేసింది ఈయనే. ఆ తర్వాతి సినిమాలు ఆయన్ని మింగేశాయి. నటుడిగా తెచ్చుకున్నది నిర్మాతగా పోగొట్టుకున్నారు. హాలుకీ సినిమాకీ తేడా అదే. సినిమా పోతే పెట్టెల్లో రీళ్లు మిగులుతాయి, హాలు పోయినా కింద స్థలం మిగులుతుంది.

అన్నట్టు బ్రహ్మానందం గారు లెక్చరర్‌గా తెలుగు చెప్పిన అత్తిలి మాకు పక్కనే. 1987లో 'అహ నా పెళ్ళంట' రాకముందు ఆయనకి నెల జీతం అలవాటు. ఈ సంగతి ఏ ఆస్తి వీడియోలోనూ ఉండదు.

జవాబు: గోదారి గట్టు

బాబాయ్ గారూ, రాజబాబు గారిని వదిలేశారు. మాది కోరుకొండ వైపు. ఆయన పేరున్న జూనియర్ కాలేజీలోనే మా అన్నయ్య ఇంటర్ చదివాడు. పుట్టినరోజు వస్తే పాత హాస్యనటుల్ని పిలిచి సన్మానం చేసి డబ్బిచ్చేవారు. రాజమండ్రి దానవాయిపేటలో పారిశుధ్య కార్మికులకి స్థలాలిచ్చారు. సినిమాలూ తీశారు, అందులో ఒకదాని పేరు 'మనిషి రోడ్డున పడ్డాడు'! 1983లో పోయేనాటికి యాభై కూడా నిండలేదు. ఇచ్చేసింది ఏ లెక్కలో రాయాలంటారు?

జవాబు: గూడెం బాబాయ్

తల్లీ, నిజమే, మర్చిపోయాను. అది ఖర్చు కింద రాయడానికి నాకూ చెయ్యి రాదు.

జవాబు: పల్నాటి కుర్రోడు

చాలా థాంక్స్ అండి. తాతకి మొత్తం చదివి వినిపించాను. చితికిపోయారన్నది పద్మనాభం గారి గురించేనట, అందర్నీ కలిపేశానని ఒప్పుకున్నాడు. బాబాయ్ గారూ, ఆ నాలుగు చెక్కుల సంగతి ఏమైంది?

జవాబు: గూడెం బాబాయ్

రెండేళ్లకి ఆ చెక్కులిచ్చిన నిర్మాతే కొత్త సినిమాకి డేట్లు కావాలని వచ్చాడు. ఈయన కాఫీ ఇప్పించి, కట్ట తెచ్చి బల్ల మీద పెట్టారు. పక్కన నేనే ఉన్నాను. ఒకదానికి అక్కడికక్కడే క్యాష్ వచ్చింది. మిగతా మూడూ డబ్బింగ్ నాటికి.